అంబేడ్కరు మహాశయుని న్యాయవిద్యయు, దాని మూల్యమును

మహాపురుషుల చరిత్రములను వ్రాయువారు సామాన్యముగ వారి విజయములను వర్ణింతురు. ఆ విజయములకైన వ్యయమును లెక్కింపరు. ఈ మహాసభాసంచికకు ఒక జీవితచరిత్రమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు మమ్ము కోరినప్పుడు, డాక్టరు భీమరావు రామ్‌జీ అంబేడ్కరుగారి చరిత్రమునంతయు మొదటినుండి మరల చెప్పుట యనవసరమని తోచినది. రాజ్యాంగరచనమున ఆయన చేసిన కృషి మన బాలురు సైత మెరిగినదే. కాని ఆయన న్యాయవిద్య యెట్లు సాగెను, ఎవరెవరు ఎంతెంత యిచ్చిరి, ఆ సొమ్ము ఎచ్చట నిలిచిపోయెను, నిలిచినప్పుడేమి జరిగెను అను విషయములను మనవారిలో పెక్కుమంది విచారించియుండరు. మన సంఘము విద్యానిధిని గూర్చి ఆలోచించుచున్న యీ సమయమున ఆ లెక్కయే మనకు ముఖ్యము. కావున దానినే యిచట వివరించుచున్నాము.

భీమరావు 1891వ సంవత్సరము ఏప్రిలు 14వ తేదీన మధ్యభారతమునందలి మౌ దండువిడిదిలో జన్మించెను. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యమున సుబేదారు. సైనికపాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగ గూడ పనిచేసినవాడు. తల్లి భీమాబాయి. వారి పదునలుగురు సంతానములో భీమరావు కడపటివాడు. ఆతనికి ఆరేండ్లు నిండకమునుపే తల్లి పరమపదించెను.  సతారా పాఠశాలలో ఆ బాలుడు ఇంటినుండి గోనెపట్టాను తెచ్చుకొని, దానిమీద తక్కినవారికి దూరముగ కూర్చుండెడివాడు. దప్పిక యైనచో బంట్రోతు వచ్చి నీరు పోయవలయును. బంట్రోతు రాని దినమున దాహముతోడనే యింటికి మరలవలసి యుండెను.

పిమ్మట ఆ కుటుంబము బొంబాయి చేరి, పరేలులో కూలివారు నివసించు చాలులో ఒకే గదిలో కాపురముండెను. వంటయు, నిద్రయు, చదువును ఆ గదిలోనే. రాత్రి రెండు గంటలవరకు తండ్రి మేల్కొనియుండి, అప్పుడు కుమారుని చదువునకు లేపెడివాడు. ఇద్దరు కుమారులను చదివింప శక్తి చాలనందున అన్నగారగు ఆనందరావు చదువు మాని కొలువున చేరెను. పుస్తకములు కావలసివచ్చినప్పుడు రామ్‌జీ వివాహితలైన తన కుమార్తెల యిండ్లకు పోయి చేబదులడిగెడివాడు. వారివద్ద రొక్కము లేకున్నచో వారి నగను తీసికొనిపోయి కుదువబెట్టి, పింఛను వచ్చినంతనే విడిపించి యిచ్చెడివాడు. ప్రభువు లెవ్వరును వేతన మీయకమునుపు ఆ బాలుని చదువునకు మొదట సొమ్మిచ్చినది అక్కల మెడలోని నగయని మనము గుర్తుంచుకొనవలయును.

ఇచట నొక విషయము చెప్పక పోజాలము. భీమరావు పాఠశాలలో సంస్కృతము చదువగోరెను. ఆతని కులమువానికి ఆ భాష చెప్పుట కంగీకరింపకపోయిరి. గత్యంతరము లేక ఆతడు పారసీకమును గ్రహించెను. ఆ భాషలో మంచి గుణములే సంపాదించెను. సంస్కృతమును అటుపిమ్మట, పెద్దవాడైన తరువాత, స్వయంకృషిచే నేర్చుకొనెను. మేము సంస్కృతము చదివి, దానినే పిల్లలకు చెప్పి, దాని మూలముననే జీవనము సాగించిన వారము. ధాతువులను, శబ్దములను వల్లించునప్పుడెల్ల, ఆ మహామేధావికి మూసిన తలుపు మాకెట్లు తెరచుకొన్నదాయని తలపోయుచుండెడివారము. దానికి సమాధానము ఈ చరిత్రము తుదనే కలదు.

1907లో భీమరావు మెట్రిక్యులేషను పరీక్షయందుత్తీర్ణుడయ్యెను. అతని కులమున అది యరుదైన విషయమగుటచే ఆతని నభినందించుటకు బొంబాయిలో సభ జరిగెను. దానికి ఎస్. కె. బోలేగారు అధ్యక్షత వహించిరి. ఆ సభలో కృష్ణాజీ అర్జున కేళుస్కరుగారను ఉపాధ్యాయుడు తాను మరాఠీభాషలో రచించిన బుద్ధచరిత్రమును ఆ బాలునకు బహుమానముగ నిచ్చెను. కేళుస్కరుగారు పుస్తకమిచ్చి యూరకుండలేదు. ఆ యువకుని కళాశాలావిద్యకు తండ్రి శక్తి చాలదని తెలియగానే బరోడా మహారాజగు సాయాజీరావు గాయక్వాడుగారి కడకు వానిని వెంటబెట్టుకొనిపోయిరి. మహారాజుగారు మాటలాడి పరీక్షించి, నెలకు 25 రూపాయల వేతనము నేర్పరచిరి. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ముల్లరు అను ఆచార్యుడు పుస్తకములును, ధరించుటకు బట్టలును ఇచ్చి తోడ్పడెను. ఈ విధముగ 1912లో భీమరావు బి.ఏ. పరీక్షలో కృతార్థుడయ్యెను.

1913 జనవరిలో ఆతడు బరోడా సంస్థానపు కొలువున చేరెను. కొలది దినములకే తండ్రికి జబ్బుచేసినదని తంతి వచ్చెను. ఫిబ్రవరి 2వ తేదీన రామ్‌జీ కన్నుమూసెను. తన నిద్ర మానుకొని కొడుకును చదివించిన యా తండ్రి, కొడుకు సంపాదనను అనుభవింపనే లేదు. ఆ సంవత్సరముననే గాయక్వాడు మహారాజు అమెరికాకు విద్యార్థులను పంపదలచిరి. వారిలో భీమరావు నొకనిగ నెన్నుకొనిరి. జూను 4వ తేదీన ఒడంబడిక వ్రాయబడెను. దాని ప్రకారము మూడేండ్లపాటు నెలకు 11 పౌనుల 10 షిల్లింగులు ఆతనికి లభించును. చదువు ముగిసిన పిమ్మట ఆతడు పదేండ్లు బరోడా సంస్థానమున కొలువు చేయవలయును.

ఆ సంవత్సరము జూలై మాసమున ఆతడు న్యూయార్కు నగరముచేరి కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అచట తొలిసారిగ ఆతడు అందరితోపాటు ఒక్క బల్లవద్ద కూర్చుండి భుజించెను. నవల్ భథేనా యను పారసీక యువకుడు ఆతనికి అచటనే మిత్రుడయ్యెను. ఆ స్నేహము తరువాత ఎంత విలువగలదయ్యెనో ముందు చెప్పెదము. భీమరావు తన వేతనములోనుండి మిగిల్చి యింటికి సొమ్ము పంపుచు, మిగిలిన దానితో పాతపుస్తకములు కొనుచు, దినమునకు బహుగంటలు చదువుచు కాలము గడపెను. 1915లో ఎం.ఏ. పట్టమును పొందెను. 1916 మే 9వ తేదీన భారతదేశమునందలి కులముల పుట్టుకను గూర్చి విద్వద్గోష్ఠిలో ఉపన్యాసము చదివెను. సెలిగ్మను పండితుని శిష్యరికమున అర్థశాస్త్రమున పరిశోధన గ్రంథమును సిద్ధపరచెను.

అమెరికాలో మూడేండ్లు ముగియవచ్చినప్పుడు ఆతడు లండను నగరమునకు పోయెను. అచట లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సునందు అర్థశాస్త్రమును, గ్రేస్ ఇన్ అను న్యాయవాదుల సంస్థయందు న్యాయశాస్త్రమును ఏకకాలమున నారంభించెను. బారిస్టరు చదువనగా పరీక్షలు వ్రాయుటమాత్రమే కాదు. ఆ సంస్థలో ప్రవేశించుటకు రుసుము చెల్లింపవలయును. పట్టము పుచ్చుకొనునప్పుడును చెల్లింపవలయును. నడుమ నియమితమైనన్ని పర్యాయములు ఆ సంస్థ భోజనశాలలో విందులకు హాజరు కావలయును. లండనులో నివసించుటకు స్తోమతు గలవారికే యా చదువు. భీమరావుకు వేతనపు గడువు ముగిసెను. గడువు పెంచుటకు బరోడా దివానుగారు సమ్మతింపక మరలి రమ్మనిరి. నాలుగేండ్లలోపల మరల వచ్చి చదువు ముగించుకొనుటకు విశ్వవిద్యాలయమువారి యనుజ్ఞను సంపాదించి, 1917లో ఆతడు స్వదేశమునకు బయలుదేరెను. ఆతని సామానులతో వచ్చుచున్న యోడ యుద్ధములో మునిగిపోయెను. దానితోపాటు పుస్తకములును పోయినవి.

ఒడంబడికను నిలుపుకొనుటకు ఆతడు 1917 సెప్టెంబరులో బరోడా పోయెను. ఇచట మన పోషకులు ప్రత్యేకముగ గమనింపవలసిన విషయమొకటి కలదు. నాలుగేండ్లు విదేశవిద్య కొరకు ధనము వెచ్చించిన యా సంస్థానమున, ఆ విద్యాధికునకు తలదాచుకొన నొక్క గది దొరకలేదు. ఆతడు పేరు మార్చుకొని పారసీకుల సత్రమున బస చేయగా, కొలది దినములలో కర్రలు చేతబట్టి కొందరు వచ్చి వెడలగొట్టిరి. కచేరీలో బంట్రోతులు కాగితములను దూరమునుండి విసరివేయుచుండిరి. నగరములోని మిత్రు లిద్దరి నాశ్రయించినను చోటు దొరకలేదు. ఆతడు ఉద్యానవనమున చెట్టుక్రింద కూర్చుండి కన్నీరు కార్చి, రాత్రిబండిలో బొంబాయికి మరలెను. మహారాజు దాతృత్వమును మేము తక్కువచేసి చెప్పుటలేదు. అది లేకున్న ఈ చరిత్రమే లేదు. అయినను ధనమిచ్చుటతోడనే దాత పని ముగియదనియు, విద్యనందినవాడు నిలువ నీడ గూడ చూపవలెననియు బరోడా యుదంతము మనకు బోధించుచున్నది.

ఆ 1917 నవంబరు మాసముననే మన బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి యధ్యక్షతను ఆది ఆంధ్ర మహాసభ జరిగెను. ఒకచోట ఒక విద్వాంసుడు గది దొరకక యూరు విడిచిపోవుచుండగా, వేరొకచోట మన పెద్దలు తమకొక పేరును, ఒక వేదికను ఏర్పరచుకొనుచుండిరి. వీరి మాట వారికిగాని, వారి మాట వీరికిగాని అప్పుడు తెలియదు. ఈ రెండును ఒకే వ్యాధికి రెండు చోట్ల పుట్టిన ప్రతిక్రియలని ఇప్పుడు మనకు తెలియుచున్నది.

బొంబాయిలో ఆతడు పిల్లలకు ప్రైవేటుగ చదువు చెప్పెను. వర్తకులకు సలహాలిచ్చుటకు కచేరి తెరచి, కులము తెలియగానే వచ్చువారు మానుటచే దానిని మూసివేసెను. 1918 నవంబరులో సిడెన్‌హాం కళాశాలలో ఆచార్యపదవి లభించెను. జీతము నెలకు 450 రూపాయలు. ఆ కాలమున అది పెద్దజీతమే. అయినను ఆతడు చాలులోనుండి కదలలేదు. ఇంటిఖర్చులకు కొంత భార్యయగు రమాబాయి చేతికిచ్చి, మిగిలినది లండను చదువు కొరకు కూడబెట్టెను. ఈ లెక్కలో రమాబాయిగారి వంతును ఏ పద్దులోను ఎవరును వ్రాయలేదు. భర్త విదేశమున నున్నప్పుడు ఆమె పేదరికముతో పెనుగులాడుచు సంసారము నడపెను. కన్న బిడ్డలలో పెక్కుమందిని పసితనముననే పోగొట్టుకొనెను. వేతనము లిచ్చిన ప్రభువుల పేర్లు చెప్పుకొనునప్పుడు ఆమె పేరును వారి సరసనే చెప్పుట న్యాయమని మా యభిప్రాయము.

ఆ దినములలో కొల్హాపురము మహారాజగు శాహూ ఛత్రపతిగారు ఆతని యోగ్యత నెరిగి ఆదరించిరి. 1920 జనవరి 31వ తేదీన ఆతడు మూకనాయక పత్రికను స్థాపించినప్పుడు వారు ధనసహాయము చేసిరి. మార్చిలో మాన్‌గావ్ సభకు స్వయముగ విచ్చేసి ఆతని గౌరవించిరి. సిడెన్‌హాం కళాశాల పదవిని విడిచి, తాను కూడబెట్టినదియు, శాహూ మహారాజుగారిచ్చినదియు, మిత్రుడగు నవల్ భథేనావద్ద అప్పుగ గ్రహించిన 5,000 రూపాయలును చేతబట్టుకొని, 1920 జూలైలో ఆతడు మరల లండనునకు పోయెను. ఇంతకుమునుపు చదివినది బరోడా సొమ్ము. ఈ పర్యాయము చదివినది స్వార్జితము, దానము, ఋణము అను మూడును కలిసినది.

ఆ చదువెట్టిదో వినుడు. ఉదయమున ఒక రొట్టెముక్కయు తేనీరును పుచ్చుకొని బ్రిటిషు మ్యూజియం గ్రంథాలయమునకు పోయి, తలుపులు తెరచునప్పటినుండి మూయువరకు చదివెడివాడు. మధ్యాహ్నభోజనమునకు సొమ్ము చాలదు. రాత్రి పదిగంటలకు ఆకలియైనచో, మిత్రుడొకడిచ్చిన అప్పడములను రేకుపై కాల్చుకొని తినెడివాడు. ఇట్లుండియు 1921లో ఎం.ఎస్‌సి. పట్టమును పొందెను, 1922లో గ్రేస్ ఇన్‌నుండి బారిస్టరయ్యెను. ఆ యేడు మే 6వ తేదీననే శాహూ మహారాజుగారు స్వర్గస్థులైరి; తాము తోడ్పడిన చదువు ఫలించుట వారు చూడలేకపోయిరి. రూపాయిసమస్యను గూర్చిన గ్రంథమును సవరించి యిమ్మని పరీక్షకులు చెప్పుసరికి చేతనున్న ధనము తీరిపోయినందున, 1923 ఏప్రిలులో బొంబాయికి వచ్చి, ఇచటనే సవరించి పంపి, ఆ సంవత్సరముననే డి.ఎస్‌సి. పట్టము నందెను.

బారిస్టరై వచ్చినవానికి, న్యాయస్థానమున ప్రవేశించుటకు కావలసిన సనదునకు చెల్లింపవలసిన రుసుము చేతలేదు. అప్పుడును భథేనాయే యాదుకొనెను. 1923 జూలైలో అంబేడ్కరుగారు బొంబాయి హైకోర్టున న్యాయవాదిగ చేరిరి. వేరొకవంక, ఒడంబడిక ప్రకారము పదేండ్లు కొలువు చేయలేదు గనుక తాము వెచ్చించిన ధనమును మరల చెల్లింపుమని బరోడా సంస్థానమువారు అడుగుచుండిరి. పదేండ్లు చదివి దేశములోని విద్యాధికులలో అగ్రగణ్యుడైనవాడు చేతిలో పట్టములతోను, తలపై ఋణముతోను వృత్తి నారంభించెను.

ఇప్పుడు లెక్క చూతము. అక్కల నగలు, అన్న విడిచిన చదువు, తండ్రి నిద్ర, రమాబాయి యుపవాసము: ఇవి యింటివారివి. కేళుస్కరుగారి పూనిక, గాయక్వాడుగారి వేతనము, శాహూగారి సాయము, భథేనాగారి ఋణము: ఇవి బయటివారివి. ఆ బయటివారిలో నొక్కరును ఆయన కులమువారు గారు. కులసంఘపు సంచికలో ఈ మాట వ్రాయుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని అది సత్యము. తన కులమున ఆయనకు సాయము చేయగల ధనవంతులు లేరు. కావుననే ఆయన పరులవద్ద పుచ్చుకొనవలసి వచ్చెను. పుచ్చుకొన్నదానిని దాచుకొనలేదు.

1924 జూలై 20వ తేదీన ఆయన బహిష్కృత హితకారిణీ సభను స్థాపించిరి. మరుసటి యేడే ఆ సభ షోలాపురమున విద్యార్థులకు వసతిగృహమును తెరచెను. బరోడాలో గది దొరకనివాడు మొట్టమొదట చేసినపని పిల్లలకు గదులు చూపుట. 1935లో ఆయన బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలకు ప్రధానాచార్యులైరి. వైస్రాయి కార్యనిర్వాహకమండలిలో సభ్యులై యున్నప్పుడు షెడ్యూల్డు కులముల విద్యార్థుల విషయమై పట్టుబట్టిరి. దాని ఫలముగ 1944లో కేంద్రప్రభుత్వము వారి యున్నతవిద్యకు ఏటికి 3 లక్షల రూపాయల వేతనముల నేర్పరచెను. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని, 1946లో బొంబాయిలో సిద్ధార్థకళాశాలను స్థాపించిరి. 1953 జనవరిలో మన హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు గౌరవ డాక్టరు పట్టముతో ఆయనను సత్కరించిరి. ఆయన నిర్యాణమందిన 1956లోనే సిద్ధార్థ న్యాయకళాశాలయు వెలసెను.

మేము పాఠశాల చదువు ముగించి సంస్కృతము చదువబోయినప్పుడు మా తండ్రికి కూలితప్ప వేరాదాయము లేదు. 1944లో మొదలైన యా వేతనముల పరంపరలోనిదే మాకు అన్నము, పుస్తకములును అయినది. ఆయనకు మూసిన తలుపు మాకు తెరచుకొనుటకు కారణ మిదియే. ముందు చెప్పుదుమన్న సమాధాన మిదియే.

కాని మేము పుచ్చుకొన్నంత యిచ్చితిమా? ఈ ప్రశ్న వేసికొన్నప్పుడు మాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చును. మావద్ద చదివినవాడు, మాటలో నేర్పు, బుద్ధిలో పదును కలవాడు. వానికి న్యాయకళాశాలలో ప్రవేశము దొరకెను. వేతనము మంజూరైనది గాని చేతికి రాలేదు. రుసుము చెల్లించుటకు గడువు పదిదినములు. వాడు మా యింటికి వచ్చి కూర్చుండి, ఏమియు నడుగక, నమస్కరించి వెడలిపోయెను. మేము యిల్లు కట్టుకొనుటకు దాచిన సొమ్ము అప్పుడు బ్యాంకునందుండెను. వాడు నోరు తెరచి యడుగలేదు గదా యని మేమును మిన్నకుంటిమి. వేతనము ఆరునెలలకు వచ్చెను. అప్పటికి వాడు హైదరాబాదులో కూలిపనిలో చేరియుండెను. మరల చదువలేదు. భథేనాగారి వంటి మిత్రుడు వానికి లేకపోయెను. ఉండదగిన మేము ఉండలేదు. ఆ యింటిలోనే కూర్చుండి యీ వ్యాసము వ్రాయుచున్నాము.

కావున దాతలకును, సంఘ పెద్దలకును మా మనవి యిది. విద్యానిధి యనగా రుసుముమాత్రమే కాక, భోజనము, వసతి, పుస్తకములు, వృత్తిలో ప్రవేశించు దినమున చెల్లింపవలసిన రుసుము గూడ నని యెరుగుడు. ప్రభుత్వవేతనము ఆలస్యమైనప్పుడు నడిమికాలమునకు అప్పుగ నిచ్చుటకు కొంత మూలధనమును వేరుగ నుంచుడు. పదిదినముల గడువును దాటించుటకు పెద్దమొత్తము అక్కరలేదు. పుచ్చుకొనినవానిని ఒడంబడికలచే కట్టివేయక, సంపాదనాపరుడైన దినమున వేరొక విద్యార్థికి తోడ్పడుమని కోరుడు. ఆడుపిల్లలు న్యాయశాస్త్రము చదువుదుమన్నచో ముందుగ వారి దరఖాస్తులను చూడుడు. రమాబాయిగారికి మన మీయదగిన ఋణశేష మదియే. అర్హుడైన బీదవాడు పరకులమువాడై మన తలుపు తట్టినను, కేళుస్కరుగారిని, భథేనాగారిని తలచుకొని తలుపు తెరువుడు.

మా వంతుగ, పింఛనులోనుండి మిగిల్చిన కొంత సొమ్మును ఈ మహాసభ దినమున నిధికి సమర్పించుచున్నాము. అది దానము కాదు. పాతబాకీలో కొంత తీర్చుటమాత్రమే. మీయందరి బాకీలును ఇట్లే తీరుగాక యని కోరుచు విరమించుచున్నాము.